కొత్తగా క్యాంపింగ్‌కి వెళ్తున్నారా? స్టవ్ టెంట్ బయటే ఉండాలి

పోయిన నెల మా గుంపులో ఇద్దరు కుర్రాళ్లు చచ్చి బతికారు. సాయంత్రం మొదలైన వాన వదల్లేదు. ఆకలికి తాళలేక టెంట్ లోపలే గ్యాస్ స్టవ్ వెలిగించి నూడుల్స్ చేసుకున్నారు. జల్లు కొడుతోందని జిప్పులన్నీ బిగించారు. తిన్నాక చలిగా ఉందని మంట సన్నగా పెట్టి అలాగే వదిలేశారు. కాసేపటికి ఒకడికి తలనొప్పి పట్టుకుంది. పొద్దుటి నుంచీ ఎక్కుతూనే ఉన్నాం కదా, పడుకుంటే పోతుందిలే అనుకున్నాడు. రెండోవాడికి కడుపులో తిప్పి, జిప్పు లాగి తల బయటపెట్టి వాంతి చేసుకున్నాడు. ఆ చప్పుడుకే పక్క టెంట్‌లో ఉన్న నాకు మెలకువ వచ్చింది. ఆ వాంతి రాకపోతే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకోబుద్ధి కాదు.

టార్చి పెట్టుకోండి, నీళ్లు తాగుతూ ఉండండి లాంటివి చెప్పను. అవి అందరికీ తెలిసినవే. నేను చెప్పేది ఒకటే: టెంట్ లోపల స్టవ్ వెలిగించొద్దు.

గాలి సరిగ్గా ఆడని చోట ఏ మంటైనా కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కి ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. ముందు తలనొప్పి, తర్వాత వికారం, ఆ తర్వాత మత్తు. అన్నీ ఎక్కివచ్చిన అలసటలాగే ఉంటాయి, అందుకే ఎవరికీ అనుమానం రాదు. కిటికీ కొంచెం తెరిచాం కదా అంటారు. చాలదు. పొగ లేదు కదా అని వంట అయ్యాక నిప్పులు లోపలికి తెచ్చుకునేవాళ్లు ఉన్నారు. బొగ్గు నిప్పులు ఇంకా ప్రమాదం, మంట ఆరిపోయినా గంటల తరబడి ఆ గ్యాస్ వస్తూనే ఉంటుంది.

సర్దుకునేటప్పుడు

ఈ తప్పు నిజానికి ఇంటి దగ్గర బ్యాగు సర్దేటప్పుడే మొదలవుతుంది. బరువు తగ్గించాలన్న హడావిడిలో కొత్తవాళ్లు వానకోటు తీసేస్తారు, వండకుండా తినగలిగే తిండి తీసేస్తారు. తీరా వాన పడితే బయట కూర్చునే దారి ఉండదు, తినడానికి పచ్చి సరుకు తప్ప ఏమీ ఉండదు. అప్పుడు స్టవ్ లోపలికి వస్తుంది. కాబట్టి ఒక పూటకి సరిపడా వండక్కర్లేని తిండి తప్పనిసరిగా పెట్టుకోండి. వేయించిన పల్లీలు, ఎండు పండ్లు, బిస్కెట్లు, ఏదైనా సరే. మహా అయితే 300 గ్రాములు. ఆ బరువు మోయండి.

తగ్గించుకోవాలంటే గిన్నెల్లో తగ్గించుకోండి. ఒకరిద్దరికి లీటరు గిన్నె ఒకటి, దానికి మూత, ఒక పొడవాటి చెంచా చాలు. మరిగే నీళ్లు పోసి మూతపెడితే అయిపోయే తిండే తీసుకెళ్లండి. పప్పులు వద్దు. 3000 మీటర్ల ఎత్తులో నీళ్లు సుమారు 90 డిగ్రీలకే మరుగుతాయి, పప్పు ఉడికేలోగా గ్యాస్ అయిపోతుంది. మూత పెడితే, గాలి పెద్దగా లేకపోతే, లీటరు నీళ్లు మరగడానికి 10 నుంచి 15 గ్రాముల గ్యాస్ పడుతుంది. దాన్నిబట్టి లెక్క వేసుకోండి.

స్టవ్ దగ్గర

క్యానిస్టర్‌కి, అంటే చిన్న గ్యాస్ డబ్బాకి, స్టవ్ బిగించేటప్పుడు మర వంకరగా ఎక్కితే గ్యాస్ కారుతుంది. బిగించాక చెవి దగ్గర పెట్టి వినండి. బుస్సుమంటోందా, వెలిగించొద్దు. అనుమానంగా ఉంటే మర చుట్టూ సబ్బునీళ్లు రాయండి, బుడగలు వస్తే కారుతున్నట్టే.

గాలికి మంట ఆగడం లేదని చుట్టూ రేకు పూర్తిగా మూసేయకండి. క్యానిస్టర్ మీదే కూర్చునే స్టవ్ అయితే వేడి కిందికి దిగి క్యానిస్టర్ పేలవచ్చు. ఒక వైపు తెరిచి ఉండాలి, క్యానిస్టర్ చేత్తో ముట్టుకోగలిగేలా ఉండాలి.

ఇక మిగతావి గుర్తొచ్చిన వరసలో:

- చలికి గ్యాస్ రావడం లేదని క్యానిస్టర్‌ని మంట మీద కాచొద్దు. ఒకాయన కాచబోతుంటే చేతిలోంచి లాక్కున్నాను. మామూలు బ్యూటేన్ గ్యాస్ సున్నా డిగ్రీల దగ్గరే మొరాయిస్తుంది. చలిచోటుకి ప్రొపేన్ కలిసినది కొనండి.
- స్పిరిట్ స్టవ్ మంట పగలు కంటికి కనిపించదు. ఆరిందనుకుని స్పిరిట్ పోయొద్దు. పూర్తిగా చల్లారాకే పోయాలి.
- స్టవ్‌తో వచ్చే, మంట వెలిగించే మీటని నమ్ముకోకండి. లైటర్ ఒకటి, అగ్గిపెట్టె ఒకటి, తడవకుండా విడివిడిగా.
- చేతులు కాలితే టూత్‌పేస్టు పూయొద్దు. 20 నిమిషాలు చల్లటి నీళ్లు పోయండి. ఐస్ వద్దు.
- వాగు నీళ్లు కాచి తాగండి. తెర్లాక ఒక నిమిషం, 2000 మీటర్లు దాటితే మూడు నిమిషాలు.
- తిండి వాసన తగిలే ఏదీ టెంట్‌లో పెట్టుకుని పడుకోవద్దు.
- టెంట్ గుమ్మం ముందు గుడ్డ చూరు కింద కూడా వండొద్దు. నైలాన్‌కి మంట తగిలితే కరిగి ఒంటికి అతుక్కుంటుంది.
- “ఒక్క టీ కోసమేగా” అని ఎవరైనా అంటే స్టవ్ లాక్కోండి.
- వానైనా, మంచైనా, టెంట్‌లో స్టవ్ వద్దు.
- ఎవరో లోపల వెలిగించారు, పక్కవాడికి తల నొప్పిగా ఉంది. పడుకోనివ్వకండి. అందర్నీ బయటికి లాగండి, ఆ తర్వాతే స్టవ్ సంగతి. తేరుకున్నట్టు కనిపించినా ఆసుపత్రికి తీసుకెళ్లండి, మూసిన టెంట్‌లో స్టవ్ వెలిగిందని డాక్టరుకి ముందే చెప్పండి. వేలికి తగిలించే మామూలు ఆక్సిజన్ మీటరు ఈ గ్యాస్‌ని పట్టలేదు, ప్రాణం మీదికి వచ్చినా రీడింగ్ బాగానే చూపించవచ్చు.