గడ్డకు రక్తం ఆపే మందు ఎక్కిస్తున్నరా? ఇంట్ల ఏమేం చూస్కోవాలెనో చెప్త

వరంగల్, హన్మకొండ, నర్సంపేట దిక్కుకెల్లి క్యాన్సర్‌కు హైదరాబాద్ పోయొచ్చేటోళ్లల్ల కొందరికి కీమోతోని కలిపి బెవాసిజుమాబ్ అనే మందు సెలైన్‌ల ఎక్కిస్తరు, రెండు వారాలకోసారో మూడు వారాలకోసారో. "గడ్డకు రక్తం అందకుంట చేస్తది" అని ఒక్క ముక్క చెప్తరు గానీ ఇంటికొచ్చినంక మనం చేసే పని మస్తుంటది.

ముందుగాల గడ్డకు రక్తం ఎట్లొస్తదో తెల్వాలె, జాగ్రత్తలన్నీ దాన్లకెల్లే వస్తయ్. రక్తనాళం నుంచి ఆక్సిజన్ మిల్లీమీటర్‌ల పదో వంతో, ఐదో వంతో దూరం దాకనే పోతది. అందుకే సొంత నాళాలు లేని గడ్డ ఒకటి రెండు మిల్లీమీటర్ల కాడనే ఆగిపోతదని 1971ల జూడా ఫోక్‌మన్ అనే అమెరికా సర్జన్ చెప్పిండు, అప్పుడు చానామంది నమ్మలే. లోపట ఊపిరాడని కణాలల్ల హెచ్‌ఐఎఫ్ అనే ప్రోటీన్ పేరుకుంటది (ఆక్సిజన్ ఉన్నప్పుడు అది ఎప్పటికప్పుడు నాశనమైతది, ఈ ఆక్సిజన్ కిటుకు పట్టుకున్న ముగ్గురికే 2019ల నోబెల్ వచ్చింది), దాంతోని వీఈజీఎఫ్ అనే సిగ్నల్ బయటికొస్తది, పక్కపొంటి ఉన్న నాళాలు ఆ సిగ్నల్ దిక్కు కొమ్మలేసుకుంట వస్తయ్. కొన్ని గడ్డలైతే కొత్తయి ఏపిచ్చుకోకుంట ఉన్న నాళాలనే చుట్టుకుంటయ్. మంచి నాళాలు కాకతీయుల గొలుసుకట్టు చెరువుల లెక్క, ఏ నీళ్లు ఏడికి పోవాలెనో లెక్క ఉంటది. గడ్డ ఏపిచ్చుకున్నయి వంకరటింకర, ఏడపడితే ఆడ కారుతయ్.

బెవాసిజుమాబ్ ఆ వీఈజీఎఫ్‌ను పట్టేస్తది. అసలు తిరకాసు ఈడనే ఉంది, ఆ సిగ్నల్ గడ్డ సొత్తు కాదు, మన బీపీ సక్కగుండెటందుకు, కిడ్నీ జల్లెడ నిలబడెటందుకు, పుండు మానెటందుకు గూడ అదే కావాలె.

అందుకే మొదటి పని బీపీ. చెయ్యికి కట్టే మిషన్ ఒకటి కొనుక్కోండ్రి, కొనలేకుంటే పల్లె దవాఖానకు పోండ్రి, లేదంటే ఆశా వర్కర్‌ను అడగుండ్రి. ఐదు నిమిషాలు ఊకె కూసున్నంక చూడాలె, చాయ్ తాగంగనే, మెట్లెక్కి రాంగనే చూస్తే లెక్క తప్పొస్తది. తేదీ ఏసి నోట్‌బుక్‌ల రాయాలె. 140/90 దాటుతనే ఉంటే డాక్టర్‌కు ఫోన్ చెయ్యాలె, 180/110 దాకా పోయినా, తలకాయ పగిలిపోయెటట్టు నొచ్చి కండ్లు మసకలైనా ఆగొద్దు, దవాఖానకు పోవుడే. మామిడికాయ తొక్కు, అప్పడాలు తగ్గించాలె, బాపు అలిగినా సరే. ఇంకో మాట, ఒళ్లు నొస్తుందని ఊర్ల ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ సూది ఏపిచ్చుకునే అలవాటు మనకు బాగ ఉంది, అది బీపీ పెంచుతది, కిడ్నీని సతాయిస్తది, కడుపుల రక్తం కారే డేంజర్ గూడ ఉంటది, ఈ మందు నడిచినన్ని దినాలు అడగకుంట ఏపిచ్చొద్దు.

మూత్రంల నురగ బాగొచ్చినా, పొద్దుగాల మొకం ఉబ్బినా చెప్పాలె, ప్రోటీన్ పోతుండొచ్చు.

పుండ్ల సంగతి మాత్రం మస్తు ముఖ్యం. ఈ మందు ఒంట్ల సగం తగ్గెటందుకే దాదాపు 20 రోజులు పడ్తది, గందుకే పెద్ద ఆపరేషన్‌కు ముందు కనీసం 28 రోజులు ఆపుతరు, అయినంక గూడ 28 రోజులు, పుండు పూర్తిగ మానే దాకా మొదలువెట్టరు. పన్ను పీకిచ్చుకునేదున్నా పంటి డాక్టర్‌కు ఆఖరు డోసు ఎప్పుడు ఎక్కిందో చెప్పాలె. చేన్లకు చెప్పుల్లేకుంట పోవద్దు. ముక్కుల కొద్దిగ రక్తం వస్తే భయపడొద్దు, ముందుకు వంగి మెత్తటి భాగం పది నిమిషాలు గట్టిగ పట్టుకోవాలె. గానీ కడుపుల ఒక్కసారే కత్తితోని పొడిసినట్టు నొప్పొచ్చినా, దొడ్డికి నల్లగ పోయినా, దగ్గుల రక్తం పడ్డా, ఒక కాలు వాచినా, ఛాతిల నొచ్చినా, మాట తడబడ్డా 108కి కొట్టుండ్రి, మందు పేరు ముందే చెప్పుండ్రి.

సునిటినిబ్, సోరాఫెనిబ్ లాంటి గోలీలు గూడ ఈ దారిల పనిచేసేటియే, వాటికి అరిచేతులు, అరికాళ్లు మండి పొక్కులొస్తయ్, మెత్తటి చెప్పులు, రోజు క్రీము, వేడినీళ్లకు దూరం.

తిండి ఆపితే గడ్డ ఎండిపోతదని చుట్టాలు చెప్తరు, వినకుండ్రి. గడ్డ తనకు కావాల్సింది గుంజుకుంటనే ఉంటది, ఎండేది మనిషే. గుడ్డు, పప్పు, పెరుగు మంచిగ పెట్టుండ్రి.

"మా అవ్వకు రొమ్ము క్యాన్సర్, గీ మందు ఎందుకు రాస్తలేరు" అని అడుగుతరు. అమెరికాల రొమ్ముకు ఇచ్చిన అనుమతిని 2011ల వెనక్కి తీస్కున్నరు, లాభం కన్నా నష్టమే ఎక్కువ అని. వీఈజీఎఫ్ దారి మూస్తే గడ్డ ఇంకో సిగ్నల్ ఎతుక్కుంటది, అందుకే అన్నిట్ల ఒక్కతీర్గ పనిచెయ్యదు.

స్కాన్ రిపోర్ట్‌ల సెంటీమీటర్లే చూసి గాబరా పడకుండ్రి. ఈ మందులతోని కొన్ని గడ్డలు సైజు అట్లనే ఉండి లోపట రక్తం తగ్గి, డై ఎక్కిచ్చినప్పుడు మునుపటంత తెల్లగ కనపడవు, అది మంచి గుర్తే కావొచ్చు. డాక్టర్ పాతది, కొత్తది పక్కపక్కన పెట్టి చూస్తేనే తెలుస్తది, పాత ఫిల్మ్‌లు, సీడీలు బీరువల పడెయ్యకుంట ప్రతిసారి తీస్కపోవాలె.