స్టూడియోలో వాటా అమ్మాక కూడా పగ్గాలు చేజారకుండా ఒప్పందం రాసుకోవడం ఎలా

పెద్ద సంస్థ ఒకటి మీ స్టూడియోలో మెజారిటీ వాటా కొంటామని కబురు పంపితే, మొదట అందరి చూపూ ధర మీదే పడుతుంది. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి అమ్మిన ఇళ్లలో పుట్టిన మనకు ధర దగ్గర బేరమాడటం ఎవరూ నేర్పనక్కర్లేదు. అయితే సినిమా వ్యాపారంలో స్వతంత్రత పోయేది ధర దగ్గర కాదు, అమ్మిన తరువాత ఖర్చు కాగితం మీద ఎవరి సంతకం కావాలన్న దగ్గర.

ముందుగా శాతాల లెక్క చూడండి. 2013 కంపెనీల చట్టం ప్రకారం సగానికి మించి ఓటు హక్కు కొన్న సంస్థకు మీ కంపెనీ అనుబంధ సంస్థ అవుతుంది; సగానికి మించిన ఓట్లతో నెగ్గే సాధారణ తీర్మానంతోనే డైరెక్టరును తొలగించవచ్చు కనుక, ‘మీరే ఎండీగా ఉంటారు’ అన్న మాట ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. కంపెనీ నియమావళిని మార్చడానికి కావలసిన ప్రత్యేక తీర్మానం నెగ్గాలంటే అనుకూల ఓట్లు వ్యతిరేక ఓట్లకు కనీసం మూడు రెట్లు ఉండాలి. అందువల్ల మీ చేతిలో 26 శాతం మిగిలితే, మీకు ఇష్టం లేకుండా ఆ నియమావళిని, అంటే ఆర్టికల్స్ ఆఫ్ అసోసియేషన్‌ను, వారు మార్చలేరు.

ఇక అసలు విషయం ఖర్చు పరిమితి. హనుమకొండలో నాకు తెలిసిన ఒక చిన్న స్టూడియో ఒప్పందంలో, 50 వేల రూపాయలు దాటే ప్రతి ఖర్చుకూ మాతృ సంస్థ (మెజారిటీ వాటా కొన్న సంస్థ) లిఖితపూర్వక అనుమతి ఉండాలన్న వాక్యం ఒకటి ఉండేది. సంతకాలు చేసిన రోజున దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. బతుకమ్మ పాట చిత్రీకరణకు తంగేడు, గునుగు పూలు తెచ్చి తడిబట్ట కప్పి ఉంచి, రెండో కెమెరా అద్దెకు అనుమతి కోరుతూ మెయిల్ పంపారు. “అన్నా, జవాబొచ్చిందా?” అని కెమెరామన్ రెండు రోజులు అడుగుతూనే ఉన్నాడు. మూడో రోజు అనుమతి వచ్చింది, అప్పటికి పూలు వాడిపోయాయి. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు; ఆ వాక్యం చేసే పనే అది. కాబట్టి పరిమితిని ఒక్కో ఖర్చుకు కాక ఒక్కో చిత్రానికి పెట్టించండి, ఏడాది బడ్జెట్‌కు ఒకేసారి ఆమోదం తీసుకోండి, ‘ఏడు పనిదినాల్లో జవాబు రాకపోతే అంగీకరించినట్లే’ అన్న షరతును తప్పక చేర్పించండి.

పెద్దవారి అనుభవమూ ఇదే చెబుతుంది. 1993లో మిరామాక్స్ అనే అమెరికా చిత్ర సంస్థను కొన్న డిస్నీ, 2004లో ఒక రాజకీయ డాక్యుమెంటరీ పంపిణీకి అడ్డుచెప్పింది. మరుసటి ఏడాది వ్యవస్థాపకులు బయటికి వెళ్లిపోయారు. 1967లో పుట్టిన ‘న్యూ లైన్ సినిమా’ అనే అమెరికా సంస్థ 2008లో వార్నర్ బ్రదర్స్‌లో ఒక విభాగంగా కలిసిపోయింది. అదే డిస్నీ 2006లో యానిమేషన్ స్టూడియో పిక్సార్‌ను కొన్నప్పుడు మాత్రం, అక్కడి పని పద్ధతుల్లో ఏవేవి మారకూడదో ఒక జాబితాగా రాసుకున్నారు. ఉద్యోగుల ఆరోగ్య సదుపాయాలే కాదు, గేటు మీది బోర్డు కూడా అందులో ఉంది. బోర్డు గురించి కూడా రాయించుకోవడం చాదస్తంగా కనిపించవచ్చు గానీ, నా దృష్టిలో అలాంటి చాదస్తమే ఒప్పందానికి ప్రాణం. కథ ఎంపిక, ఎడిటింగ్‌లో తుది మాట, స్టూడియో పేరు, నియామకాలు, పాత ఫుటేజీ ఉన్న హార్డ్ డిస్కులు, యూట్యూబ్ చానల్ యాజమాన్య లాగిన్: ఇవన్నీ మీ జాబితాలో పేరుపేరునా ఉండాలి.

ఆ జాబితాను వాటాదారుల ఒప్పందంలో రాసి ఊరుకోకండి. ఆర్టికల్స్‌లో లేని వాటా బదిలీ ఆంక్షలు కంపెనీని కట్టివేయవని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. ముఖ్యమైన షరతులను ఆర్టికల్స్‌లోకి ఎక్కించండి. వాటిని మార్చడం మరింత కష్టమయ్యేలా రాసుకునే వీలును చట్టంలోని 5వ సెక్షన్ ఇస్తుంది.

పాత పాటలు, చిత్రాల హక్కులను శాశ్వతంగా బదిలీ చేయకుండా, గడువు పెట్టి లైసెన్సుగా ఇవ్వడం మేలు. బదిలీ తప్పనిసరైతే కాలం, ప్రాంతం స్పష్టంగా రాయండి. కాలం రాయకపోతే కాపీరైటు చట్టం దాన్ని ఐదేళ్లుగా లెక్కిస్తుంది, అందుకే అవతలి వకీలు ‘శాశ్వతంగా’ అన్న మాటను మరచిపోకుండా చేరుస్తాడు.

చివరగా, అమ్మిన సొమ్మంతా కొత్త కెమెరాల మీద పెట్టేయకండి. మాతృ సంస్థ మీ కంపెనీ చేత రైట్స్ ఇష్యూ (ఉన్న వాటాదారులకే వారి వాటాను బట్టి కొత్త షేర్లు అమ్మడం) ప్రకటింపజేసినప్పుడు మీ వంతు డబ్బు కట్టలేకపోతే, జాగ్రత్తగా నిలుపుకున్న 26 శాతం ఒక్క విడతలోనే 25 కన్నా కిందికి జారిపోవచ్చు.