నర్సింగ్ మాస్టర్స్‌కి వస్తున్నారా? ముందు టీకాల కాగితం చూసుకోండి

సద్దుల బతుకమ్మ రోజు దేవరకొండ చెల్లె ఒకామె ఫోన్ చేసి ఏడ్చింది. బీటెక్ చదివి, ఇక్కడ అమెరికాలో నర్సింగ్ మాస్టర్స్ సీటు తెచ్చుకున్న పిల్ల. ఆగస్టులో వచ్చింది. క్లాసులు బాగానే నడుస్తున్నాయి. ఇంకో పది రోజుల్లో హాస్పిటల్ క్లినికల్స్ (రోగుల దగ్గర చేసే ప్రాక్టికల్స్) మొదలనగా, వాటి జాబితాలోంచి కాలేజీ వాళ్లు ఆమె పేరు తీసేశారు. మార్కులు తక్కువై కాదు, ఫీజు కట్టక కాదు. హెపటైటిస్-బి టీకా రెండు డోసులే పడ్డాయి, మూడోదానికి ఇంకా నాలుగు నెలలు ఉంది. కొన్ని హాస్పిటళ్లు డోసులన్నీ పూర్తి కాకపోయినా రానిస్తాయి. ఆమెకు పడ్డ హాస్పిటల్ రానివ్వలేదు.

సరిగ్గా నాకూ ఇట్లాగే అయింది. అప్పుడు నాకు చెప్పేవాళ్లు లేరు. ఇప్పుడు నేనుండి కూడా ఆ పిల్లకు ముందే చెప్పలేకపోయాననే బాధతో ఇది రాస్తున్నాను.

అప్లికేషన్, వీసా ఇంటర్వ్యూల గురించి మీకు చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు, వాటి జోలికి పోను. ఒక్క మాట మాత్రం చెప్తాను. ఎంఎస్ఎన్ (నర్సింగ్ మాస్టర్స్) అని రాసి ఉన్నంత మాత్రాన ప్రతి కోర్సూ మనకు పనికొస్తుందని కాదు. చాలావాటికి అప్పటికే ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్సు) లైసెన్సు ఉండాలి. బీకాం, బీటెక్, బీఏ చదివినవాళ్లకు ఉన్నది ‘డైరెక్ట్ ఎంట్రీ’ లేదా ‘ఎంట్రీ లెవెల్’ మాస్టర్స్. అది పూర్తయ్యాక ఎన్‌క్లెక్స్ (నర్సు లైసెన్సు పరీక్ష) రాయనిస్తారా, ఆ రాష్ట్రపు బోర్డ్ ఆఫ్ నర్సింగ్ ఆ కోర్సును ఒప్పుకుందా, నర్సింగ్ కోర్సులకు గుర్తింపు ఇచ్చే సంస్థలు సీసీఎన్ఈ గానీ ఏసీఈఎన్ గానీ దానికి గుర్తింపు ఇచ్చిందా చూసుకోండి. హెల్త్ అడ్మినిస్ట్రేషన్‌లో చేరి, తర్వాత మెల్లగా నర్సు అవుదాంలే అనుకున్నవాళ్లను ఇద్దరిని చూశాను. అట్లా కుదరదు. మళ్లీ మొదటి నుంచి చదవాల్సిందే.

ఇంట్లోవాళ్లు నమ్మకపోతే కోపం తెచ్చుకోకండి. మన దేశంలో ఎమ్మెస్సీ నర్సింగ్ చేయాలంటే ముందు బీఎస్సీ నర్సింగ్ ఉండాలి కదా. “బీకాం చదివినదానికి సూదులిచ్చే పని ఎవరిస్తరు బిడ్డా?” అని మా నాన్న ఏడాది పాటు అడుగుతూనే ఉన్నాడు.

అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ, స్టాటిస్టిక్స్ లాంటివి ముందే చదివి ఉండాలంటారు. నేను పెళ్లయ్యాక డిపెండెంట్ వీసా మీద వచ్చాను కాబట్టి ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలో ఒక్కొక్కటే పూర్తి చేశాను. ఎప్పుడో చదివిన సబ్జెక్టులను చాలా కాలేజీలు లెక్కలోకి తీసుకోవు. ఐదేళ్లా, ఏడేళ్లా అన్నది కాలేజీని బట్టి మారుతుంది. అడిగి తెలుసుకోండి.

ఇక అసలు సంగతి.

క్లినికల్స్‌కి పోవాలంటే మీకు రోగనిరోధక శక్తి ఉందని కాగితం చూపాలి. నోటిమాట చెల్లదు. 1990లలో పుట్టిన మనకు సర్కారు దవాఖానాలో వేసిన టీకాల్లో హెపటైటిస్-బి లేదు. తట్టుకు వేశారు గానీ గవదబిళ్లలకు, రుబెల్లాకు వేయలేదు. ఆటలమ్మ టీకా ఊసే లేదు. “నాకు చిన్నప్పుడు అమ్మవారు పోసింది, అయిదో తరగతిలో పది రోజులు వేపాకుల మీద పడుకున్న” అని నేను క్లినిక్‌లో చెప్పాను. పాపం, అక్కడి నర్సు ఓపిగ్గా విని, రక్తం తీసి టైటర్ పరీక్షకు (ఒంట్లో ఆ జబ్బును తట్టుకునే శక్తి ఉందో లేదో రక్తంలో కొలిచే పరీక్ష) పంపింది. ఆ శక్తి ఉందని అందులో తేలింది. మీకూ పోసి ఉంటే టైటర్ చేయించుకోండి, అదే సాక్ష్యం.

హెపటైటిస్-బి మామూలు టీకా మూడు డోసులు. మొదటిది పడ్డాక నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. చివరి డోసు పడ్డాక ఒకటి రెండు నెలలు ఆగి టైటర్ చేయించాలి, అది 10 గానీ ఆపైన గానీ రావాలి. లెక్క వేసుకోండి, ఏడెనిమిది నెలలు! బట్టలు, పచ్చళ్లు, ప్రెషర్ కుక్కర్ సర్దుకోవడానికి నెల ముందు నుంచి తిరుగుతారు. ఈ సూది మొదటి డోసు కోసం నల్గొండలో ఒక్కసారి క్లినిక్‌కి పోవడానికి మాత్రం టైం ఉండదా? ఇది రాస్తుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా మూడింటికీ కలిపి వేసే టీకా) రెండు డోసులు, మధ్యలో కనీసం 28 రోజులు ఉండాలి. గర్భంతో ఉన్నవాళ్లు వేయించుకోకూడదు. వేయించుకున్నాక కూడా నెల రోజులు గర్భం రాకుండా చూసుకోవాలి. కొత్తగా పెళ్లయినవాళ్లు ఇది తప్పక గుర్తుపెట్టుకోండి. టీబీ పరీక్ష కూడా ఎంఎంఆర్ వేసిన రోజే చేయించుకోండి, లేదంటే కనీసం నాలుగు వారాలు ఆగండి. మధ్యలో చేస్తే ఫలితం నమ్మకంగా రాదు.

టీబీ పరీక్ష దగ్గర నేను పడ్డ టెన్షన్ మీరు పడొద్దు. నా ముంజేతి లోపలివైపు చర్మం పొరలోకి చిన్న బుడగలా మందు ఎక్కించారు. రెండు రోజుల తర్వాత పోతే, నర్సు కళ్లు దించి వేలికొసతో తడిమింది. గట్టిపడ్డ చోటికి రెండు పక్కలా పెన్నుతో గీత పెట్టి, చిన్న స్కేలు ఆనించి కొలిచింది. 14 మిల్లీమీటర్లు. మన లాంటి దేశాల నుంచి కొత్తగా వచ్చినవాళ్లకు 10 గానీ ఆపైన గానీ ఉంటే పాజిటివ్ కింద రాస్తారు. మా మేనమామ టీబీ మందులు వాడడం చిన్నప్పుడు కళ్లారా చూశాను. ఆ రాత్రి మావారి గ్లాసు, నా గ్లాసు వేరు చేసి పెట్టుకున్నాను.

మన ఎడమ భుజం మీద చిన్న గుంటలా ఉంటుందే, ఆ బీసీజీ టీకా వల్ల కూడా ఈ చర్మపరీక్ష పాజిటివ్ రావచ్చు. క్వాంటిఫెరాన్ అనే రక్తపరీక్షకు బీసీజీతో సంబంధం లేదు. మొదటే “నాకు బీసీజీ పడింది, రక్తపరీక్ష చేయండి” అని అడగండి. అందులోనూ పాజిటివ్ వస్తే ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. ఎక్స్‌రే బాగుండి, దగ్గు, జ్వరం లాంటి లక్షణాలేవీ లేకపోతే అది నిద్రపోతున్న టీబీ, ఎవరికీ అంటదు. నాకు రక్తపరీక్షలో నెగెటివ్ వచ్చింది.

కాగితం మీద టీకా పేరు, తేదీ, బ్యాచ్ నంబరు, డాక్టర్ సంతకం, ముద్ర ఉండాలి. మీ పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, ఇంటిపేరుతో సహా, ఇంగ్లీషులో రాయించండి. నా కాగితం మీద ముద్దుపేరు ఉందని వెనక్కి పంపారు.

లోన్ తీసుకునే ముందు ఇంకొకటి. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్లకు చదువయ్యాక ఓపీటీ (చదివిన రంగంలో పని చేసుకునే అనుమతి) 12 నెలలే. కంప్యూటర్ చదువులకు ఉన్న అదనపు రెండేళ్లు నర్సింగ్‌కి రావు. వార్డు నర్సుకు హెచ్-1బి వర్క్ వీసా దొరకడం చాలా కష్టం. గ్రీన్‌కార్డుకు షెడ్యూల్-ఎ అని నర్సులకు దగ్గరి దారి ఉంది, కానీ మన దేశంవాళ్ల వరుస చాలా పొడుగు. నాకు మావారి గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసిన ఐ-140 దరఖాస్తు వల్ల వర్క్ పర్మిట్ వచ్చింది కాబట్టి గట్టెక్కాను.

భయపెట్టానేమో. సరే, ఇదీ చెప్తాను. ఆ టీకా వల్ల నాకు క్లినికల్స్ ఒక సెమిస్టర్ ఆలస్యమయ్యాయి, అంతకంటే ఏమీ కాలేదు. మా నాయనమ్మది మర్రిగూడ దిక్కు. ఫ్లోరైడ్ నీళ్లకు ఆమె వెన్ను, మోకాళ్లు బిగుసుకుపోయాయి. నొప్పి తగలకుండా దుప్పటి పట్టి ఆమెను పక్కకు తిప్పడం నాకు పదిహేనేళ్లప్పుడే వచ్చు. స్కిల్స్ ల్యాబ్‌లో అదే పని నేర్పుతుంటే, నేను చేసింది చూసి టీచరమ్మ మిగతావాళ్లను దగ్గరికి పిలిచి చూపించింది. బీకాం చదివానని అక్కడ ఎవరూ తక్కువ చేయలేదు. మీకూ ఇంట్లో నేర్చిన చెయ్యి ఒకటి ఉంటుంది.

దేవరకొండ చెల్లెను పోయిన శనివారం నేనే కారులో తీసుకుపోయాను. నెల తేడాతో రెండే డోసులుండే హెప్లిసావ్-బి టీకా ఇక్కడ దొరుకుతుంది. మొదటిది పడింది. రెండోది నవంబర్‌లో. జనవరి క్లినికల్స్‌కి కాగితం చేతిలో ఉంటుంది. వచ్చేటప్పుడు ఏడుపు ఆపి, ఇక్కడ చింతపండు మంచిది ఏ షాపులో దొరుకుతుంది అక్కా అని అడిగింది.