చెయ్యి పాత ముగ్గుకే పోతుంటే

చాలామంది అడుగుతున్నదే: కొత్త మెలికల ముగ్గు వెయ్యాలని కూర్చుంటే చెయ్యి పాత మలుపుకే తిరుగుతుంది. ముగ్గుల పుస్తకాలు, ఫోన్లో వీడియోలు, తెల్లారుజామునే లేవడం, ఏదీ నాలుగు రోజులు నిలవలేదు.

కుదిరింది ఇది. వాకిట్లో కడప బండ కడిగాక, తడి ఆరేదాకా చెప్పుల్లేకుండా దాని మీదే నిలబడాలి. ఊపిరి విడిచినప్పుడల్లా ఒకటి చొప్పున 10 దాకా లెక్క. బౌద్ధులు ఆనాపానసతి అనే సాధనకు ఇదే మొదటి మెట్టు. గాలి బలవంతంగా లాగొద్దు, తల తిరుగుతుంది. లెక్క తప్పితే మళ్లీ ఒకటి నుంచి. తర్వాత ఒక యాపాకును 2 నిమిషాలు ఊరికే చూడాలి: రంపపు పళ్ల అంచు, ఈనెకు అటూ ఇటూ సమంగా లేని మొదలు.

అప్పుడు 5 వరసల్లో అయిదేసి చుక్కలు. కీలకం ఇక్కడే. అలవాటైన మలుపు రాగానే పిండి ఆపి, ఒక్క ఊపిరి విడిచి, గీతను రెండో వైపు తిప్పాలి. ముగ్గుకు ఒక్క మలుపే మార్చాలి. మూడు మారిస్తే ఎక్కడ కలపాలో తెలీక చెరిపేయాల్సి వస్తుంది.

రెండో వారంలో తేడా తెలిసింది. అందరికీ అంతేనని చెప్పలేను. చుక్కల్లేని ముగ్గులకైతే పెద్దగా సాయపడలేదు, అక్కడ ఆగడానికి తెలిసిన మలుపంటూ ఉండదు కదా.