ఇంగ్లండ్ చర్చి రిజిస్టర్లలో పూర్వీకుల తల్లిదండ్రులను వెతకడం: దరఖాస్తు విధానం

ఇంగ్లండ్, వేల్స్‌లలో జననాలను, పెళ్లిళ్లను, మరణాలను ప్రభుత్వం నమోదు చేయడం 1837 జూలై 1న మొదలైంది. మీ పూర్వీకులు అంతకుముందు పుట్టినవారైతే జనన ధ్రువపత్రం దొరకదు. చర్చి రిజిస్టరే ఆధారం. ప్రతి పారిష్‌లో, అంటే ఒక్కో చర్చి పరిధిలో, బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు రాసిపెట్టాలని 1538లో రాజు ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఆదేశించారు. అందులో ఉండేది బాప్తిస్మం తేదీ అని గుర్తుంచుకోండి. బిడ్డ పుట్టిన కొన్నేళ్లకు బాప్తిస్మం ఇప్పించిన కుటుంబాలూ ఉన్నాయి.

ముందు పారిష్ పేరు తెలియాలి. అది లేకుండా దరఖాస్తు పెట్టడమంటే సర్వే నంబరు లేకుండా అడంగల్ అడగడమే. ఆ మనిషి 1851 దాకా బతికి ఉంటే అప్పటి జనాభా లెక్కల్లో పుట్టిన ఊరు, కౌంటీ (మన జిల్లా లాంటిది) రాసి ఉంటాయి. 1841 లెక్కలు అంతగా పనికిరావు. వాటిలో ఇదే కౌంటీలో పుట్టారా లేదా అన్నంతవరకే ఉంటుంది, పెద్దవాళ్ల వయసును కూడా ఐదు గుణిజానికి తగ్గించి (38 అయితే 35 అని) వేశారు.

పెళ్లి 1837 జూలై తర్వాత జరిగి ఉంటే మీ పని సగం అయినట్టే. ఆ సర్టిఫికెట్‌లో వధూవరులిద్దరి తండ్రుల పేర్లు, వాళ్ల వృత్తులు ఉంటాయి. దీన్ని ఆ ప్రభుత్వ నమోదులను చూసే జనరల్ రిజిస్టర్ ఆఫీస్ వెబ్‌సైట్‌లో అకౌంట్ తెరిచి ఆర్డర్ చేయాలి. అక్కడి ఉచిత సూచికలో జననాలు, మరణాలే ఉంటాయి కాబట్టి, పెళ్లి వివరాలను ఫ్రీబీఎండీ సైట్‌లో వెతికి సంవత్సరం, త్రైమాసికం, జిల్లా, వాల్యూమ్, పేజీ నంబరు రాసుకోండి. ఆర్డర్ ఫారంలో అవే అడుగుతారు. పెళ్లి సర్టిఫికెట్‌కు పీడీఎఫ్ సౌకర్యం లేదు. కాగితమే పోస్టులో వస్తుంది, విదేశాలకూ పంపుతారు.

ఇక అసలు దరఖాస్తు. పాత పారిష్ రిజిస్టర్లలో ఎక్కువ భాగం ఇప్పుడు కౌంటీ రికార్డ్ ఆఫీసుల్లో ఉన్నాయి. వాటి పేజీల ఫోటోలు గానీ సూచిక గానీ ఫ్యామిలీసెర్చ్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయేమో ముందు చూసుకోండి, డబ్బు మిగులుతుంది. లేకపోతే ఆ రికార్డ్ ఆఫీసుకు ఈమెయిల్ రాయాలి. చర్చి, పారిష్ పేర్లు, వ్యక్తి పేరు, ఇంటిపేరును ఎన్ని రకాలుగా రాసే అవకాశం ఉందో అన్నీ, వెతకాల్సిన సంవత్సరాలు ఇవ్వండి. "1790 ప్రాంతం" అని రాయకుండా "1786 నుంచి 1794 వరకు" అని రాస్తే వెతికేవాళ్లకు తేలిక. సర్టిఫైడ్ కాపీ కావాలా, పేజీ ఫోటో చాలా అన్నది కూడా చెప్పండి. నా మాట వింటే పేజీ ఫోటోనే అడగండి. పక్క ఎంట్రీలు కూడా కనిపిస్తాయి. ఫీజు ఒక్కో ఆఫీసులో ఒక్కోలా ఉంటుంది. రిజిస్టర్ పాడైపోయిందని జవాబొస్తే నిరుత్సాహపడకండి. 1598 నుంచి ఏటా బిషప్‌కు పంపిన కాపీలు ఉన్నాయేమో చూడమని మళ్లీ రాయండి.

కాపీ చేతికొచ్చాక చదవడం వేరే పని. 1813 నుంచి అచ్చు ఫారాలు వచ్చాయి కాబట్టి తల్లిదండ్రుల పేర్లు, నివాసం, తండ్రి వృత్తి గడుల్లో ఉంటాయి. అంతకు ముందైతే "జాన్ కొడుకు విలియం, బాప్తిస్మం" అన్న ఒక్క ముక్కే ఉండొచ్చు, తల్లి పేరే ఉండకపోవచ్చు. లాటిన్‌లో రాస్తే విలియం గులియెల్మస్ అవుతాడు, జేమ్స్ జాకోబస్ అవుతాడు. 1752కు ముందు అక్కడ కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. కాబట్టి రిజిస్టర్‌లో 1720 ఫిబ్రవరి అని ఉంటే మన లెక్కలో అది 1721.

పేరు దొరికిందని సంబరపడి ఆగిపోవద్దు. ఒకే పారిష్‌లో ఇద్దరు ముగ్గురు జాన్‌లకు విలియం అనే కొడుకులు ఉండటం మామూలే. అందుకే ఖననాల రిజిస్టర్ కూడా తప్పకుండా అడగండి. మీకు దొరికిన ఆ పసివాడు ఏడాది తిరగకుండానే చనిపోయి ఉంటే అతను మీ పూర్వీకుడు కాడు. చనిపోయిన బిడ్డ పేరునే తర్వాతి బిడ్డకు పెట్టడం కూడా అక్కడ తరచుగా జరిగింది. చుట్టుపక్కల పారిష్‌లు కూడా చూడకుండా వంశవృక్షంలో పేరు ఎక్కించకండి.

తండ్రి పేరు లేకుండా తల్లి పేరొక్కటే ఉంటే దారి మూసుకుపోయినట్టు కాదు. పెళ్లి కాని తల్లికి పుట్టిన బిడ్డ పోషణ భారం పారిష్ మీద పడకుండా అధికారులు తల్లిని విచారించి, తండ్రి చేత పూచీకత్తు బాండ్ రాయించుకునేవారు. 1834కు ముందటి ఇలాంటి బాండ్లు చాలా పారిష్‌ల పేదల సహాయ పత్రాల్లో మిగిలి ఉన్నాయి. వాటి కోసం అదే రికార్డ్ ఆఫీసుకు విడిగా అడగాలి.

మీ పూర్వీకులు మచిలీపట్నంలోనో విశాఖపట్నంలోనో బాప్తిస్మం పొందిన ఇంగ్లిష్ లేదా ఆంగ్లో ఇండియన్ కుటుంబం వారైతే కౌంటీ ఆఫీసులకు రాసి లాభం లేదు. మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల నుంచి లండన్‌కు పంపిన కాపీలు బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఉన్నాయి. వాటి శ్రేణి పేరు ఎన్/2. అడిగేటప్పుడు ఆ గుర్తు కూడా రాయండి.