చిరిగిన భుజం టెండన్‌ను ఎముకకు తిరిగి కుట్టే పద్ధతి

భుజం కీలును చుట్టి పట్టుకునే రొటేటర్ కఫ్‌లోని నాలుగు టెండన్లలో (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీలలో) ఎక్కువగా చిరిగేది సుప్రాస్పైనేటస్. దానిని కుట్టడం నేర్చుకునే ఆర్థోపెడిక్ పీజీ వైద్య విద్యార్థులు ముందుగా యాంకర్ల (దారాన్ని ఎముకలో పట్టి ఉంచే చిన్న మేకుల) సంఖ్య గురించీ దారం బలం గురించీ అడుగుతారు. అంతకంటే ముందు తేల్చుకోవలసింది, టెండన్ బిగుతు లేకుండా తన చోటికి వస్తుందా అన్నది. బోస్టన్‌లో కాడ్‌మన్ అనే సర్జన్ ఈ శస్త్రచికిత్స గురించి 1911లో రాసిన నాటి పెద్ద కోత పోయి ఆర్థ్రోస్కోపు (కీలు లోపలికి చూపే సన్నని కెమెరా గొట్టం) రంధ్రాలు వచ్చినా, ఈ ప్రశ్న మాత్రం మారలేదు.

ఎం.ఆర్.ఐ.లో చిరుగు వెడల్పుతో పాటు కండరంలో చేరిన కొవ్వును కూడా చూడాలి. ఈ కొవ్వును దశలుగా కొలిచే గుటాలియే వర్గీకరణలో 3వ దశ అంటే కొవ్వు, కండరం సమానమని, 4వ దశ అంటే కొవ్వే ఎక్కువని అర్థం. ఆ దశలకు చేరిన కండరానికి టెండన్‌ను ఎంత చక్కగా కుట్టినా, అది అతికే అవకాశం తక్కువ, పోయిన బలం తిరిగి రావడం ఇంకా అరుదు.

మత్తు ఇచ్చి, మెడ దగ్గర భుజం నాడులను మొద్దుబార్చే ఇంటర్‌స్కేలీన్ బ్లాక్ వేసి, రోగిని బీచ్ చెయిర్ భంగిమలో (వెనక్కి వాలి కూర్చున్నట్టు) కూర్చోబెట్టిన తర్వాత, భుజం పైకప్పు లాంటి ఎముక అయిన అక్రోమియన్ వెనుక మూలకు సుమారు 2 సెం.మీ. కిందా 1 సెం.మీ. లోపలికీ మొదటి రంధ్రం పెట్టాలి. ముందు కీలు లోపలికి వెళ్లి బైసెప్స్ టెండన్‌నూ రొటేటర్ కఫ్ ముందువైపు టెండన్ అయిన సబ్‌స్కాప్యులారిస్‌నూ పరీక్షించాలి. తొందరపడితే తప్పిపోయేది ఈ రెండవదే. ఆ తర్వాత అక్రోమియన్ కిందికి వచ్చి, చూపుకు అడ్డుపడే బర్సాను (టెండన్‌కూ ఎముకకూ మధ్య ఉండే మెత్తని సంచిని) షేవర్ అనే కోత పరికరంతో తొలగించాలి.

ఇప్పుడు గ్రాస్పర్ అనే పట్టుకారుతో చిరుగు అంచును పట్టుకుని, చేతిని రోగి పక్కకు ఆనించి ఉంచి, మెల్లగా లాగి చూడాలి. సులువుగా వస్తే మంచిది. రాకపోతే బలవంతం చేయకుండా టెండన్ పైనా కిందా ఉన్న అతుకులను విడదీయాలి, అయితే భుజం కీలు గుంట అయిన గ్లీనాయిడ్ అంచుకు లోపలివైపు దాదాపు 2 సెం.మీ. దూరంలోనే సుప్రాస్కాప్యులర్ నాడి ఉంటుంది కనుక అంతవరకు వెళ్లకూడదు. చిరుగు ‘యు’ ఆకారంలో ఉంటే, ముందు రెండు అంచులనూ పక్కపక్కగా కుట్టుకుంటూ వస్తే ఎముకకు చేర్చవలసిన దూరం తగ్గిపోతుంది.

టెండన్ అతకవలసిన ఎముక ఉపరితలాన్ని బర్ అనే తిరిగే గీకుడు పరికరంతో తేలికగా గీకి, రక్తం చెమ్మగిల్లితే ఆపాలి. ఇంకా లోతుకు పోతే యాంకర్ పట్టు సడలుతుంది. గుడారం తాడుకు మేకును ఏటవాలుగా దిగగొట్టినట్టే యాంకర్‌ను కూడా సుమారు 45 డిగ్రీల వాలుతో దించి, దారాన్ని టెండన్ అంచుకు 10 నుంచి 15 మి.మీ. లోపలగా పోనివ్వాలి. చిన్న చిరుగుకు ఒక వరుస సరిపోతుంది. పెద్దదానికి రెండు వరుసలు టెండన్‌ను ఎముకపై విశాలంగా పరుస్తాయి, కానీ పొట్టిబడిన టెండన్‌పై రెండు వరుసలు వేస్తే అది లోపలి వరుస దగ్గరే తెగవచ్చు. అటువంటప్పుడు నేను ఒక వరుసతోనే సరిపెడతాను. జారుముడి వేశాక, మూడు హాఫ్ హిచ్‌లు (సగం ముడులు) దిశ మారుస్తూ వేయాలి. ముడి కింద టెండన్ నలిగి ముడుచుకుంటే, బిగింపు ఎక్కువైందని గ్రహించాలి.

తర్వాత 4 నుంచి 6 వారాలు స్లింగ్ తప్పదు. వేళ్లూ మోచేయీ మొదటి రోజు నుంచే కదిలించవచ్చు. చేతిని సొంతంగా ఎత్తడం 6 వారాల తర్వాత, బరువు వ్యాయామాలు 12 వారాల తర్వాత. నాలుగో వారంలో నొప్పి తగ్గిందని నీళ్ల బకెట్ ఎత్తేవారుంటారు కనుక, డిశ్చార్జ్ రోజున బకెట్ పేరు చెప్పే హెచ్చరించాలి.