అరుదైన ఇంగ్లీషు పదాలను నేర్చుకునే పద్ధతి

జీఆర్‌ఈకి సిద్ధమయ్యే మన విద్యార్థుల్లో చాలామంది పొడవాటి పదాల జాబితాను ముందు పెట్టుకొని, ఒక్కో పదానికి ఒక్కో అర్థం చొప్పున వల్లె వేస్తుంటారు. ఆ పరీక్షలో వ్యతిరేక పదాల ప్రశ్నలను 2011 ఆగస్టులోనే తీసేశారు. ఇప్పుడు వాక్యంలో ఖాళీ ఇచ్చి, దానికి అతికి ఒకే భావాన్నిచ్చే రెండు పదాలను ఆరింటిలోంచి ఎంచుకోమనే ప్రశ్నలు ఉంటున్నాయి. పదాన్ని ఎన్నడూ వాక్యంలో చూడనివారికి ఇవి కొరుకుడు పడవు.

అందువల్ల పదాలను మీరు చదివేదాంట్లోంచే ఏరుకోండి. పత్రికలో సంపాదకీయమో, నవలో చదువుతున్నప్పుడు తెలియని ప్రతి మాట దగ్గరా ఆగనక్కర్లేదు. వేరొక చోట రెండోసారి ఎదురైన పదాన్ని మాత్రం, అది కనిపించిన వాక్యంతో సహా రాసుకోండి. వారానికి ఐదారు చాలు.

అసలు శ్రమ ఆ తరువాతే ఉంది. రెటిసెంట్ అనే పదాన్నే తీసుకుందాం. దానికెదురుగా ‘మితభాషి’ అని రాసుకొని ఊరుకుంటే పొరపాటే, ఎందుకంటే మితభాషి అనడం మన భాషలో మెచ్చుకోలు. రెటిసెంట్‌లో ఆ మెప్పు లేదు. తన మనసులో మాటనో, సొంత సంగతులనో బయటపెట్టడానికి ఇష్టపడని తీరును అది చెబుతుంది. అందుకే ‘షీ వాజ్ రెటిసెంట్ అబౌట్ హర్ పాస్ట్’ అన్నట్టుగా దాని వెంట తరచుగా అబౌట్ వస్తుంది. టాసిటర్న్ అంటే ఏ విషయంలోనైనా మాట పెగలని, కాస్త ముభావంగా కనిపించే మనిషి. ఇక టాసిట్ అన్నది నోటితో చెప్పకుండానే అర్థమయ్యేదానికి వాడే మాట. టాసిట్ అప్రూవల్ అన్నప్పుడు ‘మౌనం అర్ధాంగీకారం’ అనే మన నానుడిని తలచుకుంటే చాలు, ఇక మరపురాదు.

ఈ మూడూ మౌనంగా ఉండడాన్ని తెలిపే ఒకే లాటిన్ ధాతువు నుంచి పుట్టాయి. కృ ధాతువు నుంచి కర్త, కర్మ, క్రియ, కార్యం వచ్చాయని బడిలో చదువుకున్న మనకు ఈ దారి కొత్తదేమీ కాదు. నిఘంటువులో అర్థంతో ఆగిపోకుండా వ్యుత్పత్తి కూడా చూసే అలవాటు చేసుకుంటే, ఒక పదం కోసం వెళ్లి మూడింటితో తిరిగి రావచ్చు. ఉచ్చారణను కూడా అప్పుడే వినండి. ఈ మూడింటిలోనూ ఊనిక మొదటి అక్షరం మీదే పడుతుంది.

నేర్చుకున్నది ఎంత త్వరగా చెదిరిపోతుందో జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకొని 1885లో ప్రకటించాడు. మరపును ఎదుర్కోవడానికి సెబాస్టియన్ లైట్నర్ 1970వ దశకంలో ప్రచారంలోకి తెచ్చిన కార్డుల పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. మూడు పెట్టెలు పెట్టుకొని మొదటిదాన్ని రోజూ, రెండోదాన్ని మూడు రోజులకోసారి, మూడోదాన్ని వారానికోసారి తిరగేయండి. గుర్తొచ్చిన కార్డు తరువాతి పెట్టెలోకి వెళుతుంది, గుర్తురానిది మళ్లీ మొదటి పెట్టెకే చేరుతుంది. కార్డు ముందు వైపు పదాన్ని కాక, ఆ పదం ఉండవలసిన చోట ఖాళీ వదిలిన వాక్యాన్ని రాయాలని నా గట్టి సలహా.

వెనక వైపు పదంతోపాటు మీకు బాగా తెలిసిన మనిషి గురించి మీరే అల్లిన వాక్యం ఉండాలి. పొలం పంచాయితీ గురించి ఎవరు కదిపినా మాట దాటేసే బాబాయి మీ ఇంట్లో ఉంటే, ఆయన రెటిసెంటా, టాసిటర్నా అన్నది తేల్చుకున్నాకే కార్డును పెట్టెలో వేయండి.